కెనడాలోని ఎడ్మంటన్ చలిలో 590 చదరపు అడుగుల పెరటిల్లు: రెండు చలికాలాలు ఉన్నాక రాస్తున్న రివ్యూ

ఇల్లు చేతికొచ్చిన వారంలోనే రివ్యూ రాయమని అడిగారు కట్టిన కంపెనీ వాళ్ళు, నేనే ఆగాను. ఎడ్మంటన్‌లో ఇల్లు ఎలా ఉందో అక్టోబరులో ఏం తెలుస్తుంది, జనవరి రావాలి. ఒక జనవరి కాదు రెండు జనవరిలు చూశాం కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే నచ్చనివి కూడా చెప్తున్నా, పైగా అది ఊళ్ళో చిన్న కంపెనీ, డిజైనర్ ఆవిడా ఒక నలుగురు పనివాళ్ళూ అంతే. వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా పేరు కంటే ఏం అడిగి చేయించుకోవాలో తెలిస్తేనే ఎక్కువ ఉపయోగం అనిపించింది.

ముందు సంగతి ఏంటంటే, మా ఇంటి వెనక, లేన్ వైపున ఉన్న ఖాళీ స్థలంలో అమ్మా నాన్నల కోసం ఒక చిన్న ఇల్లు కట్టించాం. ఇక్కడ గార్డెన్ సూట్ అంటారు, మనం పెరటిల్లు అనుకోవచ్చు. ఇక్కడున్నవాళ్ళ తల్లిదండ్రులకి ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చినవాళ్ళు 2022 నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, అందుకని ఇంక వాళ్ళని సూట్‌కేసుల మధ్య, హాల్లో సోఫా మీద పడుకోబెట్టే పద్ధతి వద్దనుకున్నాం. చాలామంది బేస్‌మెంట్ చేయిస్తారు, ఖర్చు తక్కువే, కానీ నాన్నకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగి ఎక్కలేరు, పైగా తెనాలిలో వాకిట్లో కూర్చుని పేపర్ చదివే మనిషిని తీసుకొచ్చి నేల కింద పెట్టడం నాకు మనసొప్పలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. పెళ్ళయిన కొత్తలో మేము ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. బెడ్‌రూమ్ అల్మారా సరిగ్గా బయటి గోడల మూలకి ఉండేది. అమ్మ ఇచ్చిన పట్టుచీరలన్నీ ఒక సూట్‌కేసులో సర్ది ఆ అల్మారాలో అడుగున గోడకి ఆనించి పెట్టాను, పైన దుప్పట్లు, వాటి పైన పిల్లాడి బట్టలు, తలుపు మూసేశాను. మార్చిలో ఉగాదికి ఒక చీర తీద్దామని సూట్‌కేసు లాగితే వెనక వైపంతా తడి, గోడ మీద నల్లగా బూజు, లోపల నా పెళ్ళి చీర మడత మీద ఆకుపచ్చ చుక్కలు. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా జరీ నల్లబడిపోయింది. ఆ రోజు ఎంత ఏడ్చానో మా ఆయనకి తెలుసు. పైపు ఎక్కడైనా లీక్ అవుతోందేమో అనుకున్నాం, కానీ పైపు లేదు ఏమీ లేదు, ఆ నీళ్ళు మా ఇంట్లోని గాలిలోవే. కుక్కర్ ఆవిరి, స్నానాలు, లోపల ఆరేసిన బట్టలు, ఆ తేమంతా గాలిలో ఉంటుంది, ఇల్లు 21 డిగ్రీలుండి తేమ 40 శాతం ఉంటే దాదాపు 7 డిగ్రీలకి చల్లబడిన ఏ వస్తువు మీదైనా అది నీళ్ళయిపోతుంది. బయట మైనస్ 30 ఉన్నప్పుడు, సరిగ్గా ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలో నింపేది) లేని గోడ మూల, దాని ముందు బట్టలు అడ్డం, హీటర్ వేడి అక్కడికి పోయే దారే లేదు, ఇంక 7 ఏంటి ఇంకా కిందకే పోతుంది. అంటే మనం సామాను పెట్టుకునే చోటే ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు అవుతుందన్నమాట. చలిదేశంలో చిన్న ఇంటికి అల్మారా ఎక్కడ అనేదీ, వేడి ఎక్కడికి పోతుంది అనేదీ రెండు ప్రశ్నలు కావు, ఒకటే ప్రశ్న.

అందుకే డిజైనర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు అందర్నీ నేను ఇదే అడిగాను. ముగ్గురిలో ఇద్దరు ఫొటోలు చూపించారు, తెల్లటి కిచెన్లు, గోడకి మడిచే మంచాలు, అంతా చాలా అందంగా ఉంది. మూడో ఆవిడ మాత్రం ఫొటోలేం చూపించకుండా, ఫిబ్రవరిలో మీ అమ్మానాన్నలు బయట నుంచి లోపలికొచ్చేటప్పుడు ఒంటి మీద ఏమేం ఉంటాయో చెప్పండి అంది. జాకెట్లు, టోపీలు, గ్లవ్స్, మంచు అంటుకున్న బూట్లు, నాన్న చేతికర్ర, సంచులు, చెప్తూ ఉంటే రాసుకుంది. తర్వాత ఇంట్లో ఉన్న సామాను మొత్తం కొలిచి రమ్మంది. రెండు ఆదివారాలు టేపు పట్టుకుని కూర్చున్నాం, పెద్ద సూట్‌కేసులు ఆరు, నలభై పౌండ్ల బియ్యం బస్తాలు రెండు, గ్రైండర్, మిక్సీ, ఆవకాయ జాడీలు నాలుగు, ఇడ్లీ పాత్ర, పూజ సామాను, దుప్పట్లు, రజాయిలు. ఆ లిస్టు తీసుకున్నాకే మొదటి గీత గీసింది ఆవిడ. ఆ ఒక్క పనికే నేను ఐదు స్టార్లు ఇస్తాను.

వాకిలి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బయటి తలుపు తీస్తే నేరుగా హాల్లోకి రాము, ఆరడుగులకి ఐదడుగుల చిన్న గది, దానికి లోపల ఇంకో తలుపు. ఫిన్లాండ్‌లో ఇళ్ళకి ఇది మామూలేనట, వాళ్ళ భాషలో టూలికాప్పి అంటారు, అంటే గాలి అల్మారా. పేరు ఎంత బాగుందో పని కూడా అంతే, బయటి తలుపు తీసినప్పుడు పొగలా దూసుకొచ్చే చలిగాలి ఆ గదిలోనే ఆగిపోతుంది, లోపలి తలుపు తీసేలోపు బయటిది మూసేస్తాం. 590 చదరపు అడుగుల్లో 30 దీనికే పోతే ఎలా అని మా ఆయన చాలా గొడవపడ్డాడు. ఇప్పుడు ఆయనే వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. అందులో ఒక బెంచీ, 18 అంగుళాల ఎత్తు, నాన్న కూర్చుని బూట్లు విప్పుకోడానికి సరిగ్గా ఆయన మోకాలి ఎత్తు కొలిచి చేశారు, లేవడానికి పక్కన గోడకి పట్టుకునే కడ్డీ. జాకెట్లకి తలుపులున్న అల్మారా కాదు, గోడకి బయటే కొక్కేలు, రెండు వరసలు, ఎందుకంటే తడి జాకెట్ అల్మారాలో పెట్టి తలుపేస్తే అది ఆరదు, వాసనొస్తుంది. నేల టైల్స్ కింద కరెంటు హీటింగ్ మ్యాట్ వేశారు ఆ ఒక్క గదికి మాత్రమే, రాత్రి బూట్లు అక్కడ వదిలేస్తే పొద్దున్నకి పొడిగా గోరువెచ్చగా ఉంటాయి. అమ్మ అయితే పొద్దున్నే ఆ బెంచీ మీద కూర్చుని ఆ నేల మీద పాదాలు పెట్టుకుని కాఫీ తాగుతుంది, హాలంతా ఉండగా అక్కడ కూర్చోడం ఏంటమ్మా అంటే "ఇక్కడ పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉందే" అంటుంది.

ఇంక గోడలు. బయటి గోడలు అడుగు మందం, లోపల రెండు వరసల చెక్క ఫ్రేము, మధ్యలో నిండా సెల్యులోజ్ ఇన్సులేషన్, దాదాపు ఆర్-40 వస్తుంది (గోడ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత అది, ఎంత ఎక్కువైతే అంత మంచిది). ఈ పద్ధతి పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లో పుట్టిందనే చెప్పాలి, 1977లో రెజైనాలో ప్రభుత్వం డబ్బుతో ఒక ఇల్లు కట్టారు, సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అని, హెరాల్డ్ ఓర్ అనే ఇంజినీర్ వాళ్ళ టీమ్. మందపాటి గోడలు, గాలి దూరని నిర్మాణం, బయటికి పోయే గాలిలోంచి వేడిని వెనక్కి తీసుకునే మెషీన్, ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ అన్నదే లేకుండా. తర్వాత జర్మనీలో పాసివ్ హౌస్ అని పేరొచ్చిన, చాలా తక్కువ హీటింగ్‌తో ఇల్లు నడిపే పద్ధతికి ఈ ఇల్లు కూడా ఒక స్ఫూర్తి. మా డిజైనర్ ఆవిడకి అదంటే ప్రాణం, చెప్పేటప్పుడు కళ్ళు మెరుస్తాయి.

కానీ మందం గోడలకి ఒక బాధ ఉంది, మన చోటుని తినేస్తాయి. స్థలం రూల్స్ బయటి కొలత ప్రకారం ఉంటాయి కదా, మాది బయట 24 బై 29 అడుగులు, మామూలు ఆరున్నర అంగుళాల గోడలైతే లోపల 640 చదరపు అడుగులు వచ్చేది, ఈ గోడలతో 594. అంటే ఒక బాత్రూం అంత చోటు గోడలోకి పోయింది. దానికి బదులు ఏమొచ్చిందంటే కిటికీ దగ్గర అడుగు లోతు అరుగు. ఐదు కిటికీలకీ ఐదు అరుగులు, అమ్మ దక్షిణం వైపు దాని మీద తులసి, కరివేపాకు కుండీలు పెట్టింది. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు ఏడున్నర గంటలే, మధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీలకి మించి పైకి రాడు, కానీ అంత కింద ఉంటాడు కాబట్టే దక్షిణం కిటికీలోంచి ఎండ హాలు దాటి వంటింటి వెనక గోడ దాకా వస్తుంది. నాన్న కుర్చీ ఎండతో పాటు జరుగుతూ ఉంటుంది. కరివేపాకు మాత్రం ఒక కొమ్మ అద్దానికి ఆని ఉండిపోయి, చలి బాగా ముదిరిన వారంలో ఆ ఆనిన ఆకులు మాత్రం నల్లబడి రాలిపోయాయి, మిగతా మొక్కంతా బతికింది. మూడు అద్దాల కిటికీ అయినా సరే అద్దం అద్దమే, గోడ కాదు, రెండంగుళాలు ఎడం ఉంచాలి.

సామాను విషయానికొస్తే ఆవిడ పెట్టిన రూల్ ఒక్కటే, బయటి గోడకి అల్మారా అన్నది ఉండకూడదు. అన్నీ ఇంటి మధ్యలో. బెడ్‌రూమ్‌కీ హాలుకీ మధ్య గోడ బదులు మొత్తం అల్మారానే, రెండడుగుల లోతు, కింద నుంచి పై దాకా, సగం తలుపులు ఇటు, సగం అటు. మంచం కింద సొరుగులు, మంచం తల బయటి గోడకి కాకుండా లోపలి గోడకి. నేను ఒకటి పట్టుబట్టాను, ఫొటోల్లో చూశాం కదా కిటికీ కింద కూర్చునే పెట్టె లాంటి సీటు, మూత తీస్తే లోపల దుప్పట్లు, అది కావాలని. ఆవిడ ససేమిరా అంది. కిటికీ కింద బేస్‌బోర్డ్ హీటర్, అంటే గోడ అడుగున పెట్టే పొడుగాటి కరెంటు హీటర్, ఉండాలి, దాన్నుంచి లేచే వేడి గాలి అద్దాన్ని తడుముతూ పోవాలి, నువ్వు పెట్టె అడ్డం పెడితే అద్దం మీద నీళ్ళు, పెట్టెలో మళ్ళీ నీ చీరల కథే అంది. నాకు కోపమొచ్చింది, మాట్లాడకుండా ఇంటికొచ్చేశాను, మర్నాడు ఫోన్ చేసి సరే అన్నాను. కిటికీలకి కర్టెన్లు కూడా నేల దాకా వద్దని అరుగు దగ్గరికే ఆపించింది, కారణం అదే.

ఇప్పుడు అటక గురించి చెప్పాలి. ప్లాన్ వీడియో కాల్‌లో చూపిస్తుంటే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏమేవ్, అటకేదే?" నేను కొంచెం ఇబ్బందిగానే ఆ ప్రశ్న డిజైనర్‌కి చెప్పాను. ఇక్కడ కప్పు కింద ఎంతో ఖాళీ ఉంటుంది కానీ అది అటక కాదు, అక్కడ ఇన్సులేషన్ నింపి ఉంటుంది, దాని పైన అంతా బయటి చలే, సామాను పెట్టకూడదు, పైకెళ్ళే మూత సరిగ్గా మూసుకోకపోతే ఇంట్లో తేమ గాలి అక్కడికెళ్ళి మంచు కట్టి, ఎండకి కరిగి సీలింగ్ మీద మరకలొస్తాయి. ఆవిడ రెండ్రోజులు ఆలోచించి ఏం చేసిందో చూడండి, ఇంటి సీలింగ్ తొమ్మిదడుగులు కదా, బాత్రూంకీ దాని ముందు నడవకీ మాత్రం ఏడడుగులకి దించేసి, పైన రెండడుగుల ఎత్తులో, ఇన్సులేషన్ లోపలే, అచ్చంగా మన ఊళ్ళో వంటింటి పైన ఉండే అటక కట్టించింది, తలుపులు బెడ్‌రూమ్ వైపుకి. బాత్రూం ఆవిరి పైకి రాకుండా కింద సీలింగ్ గట్టిగా సీల్ చేశారు. ఆరు సూట్‌కేసులు, రజాయిలు, వినాయకచవితి పందిరి సామానుతో సహా అన్నీ అక్కడే. అమ్మ వచ్చిన రోజు ముందు ఆ తలుపు తీసి చూసింది. డిజైనర్ ఆవిడ కూడా ప్లాన్లలో దాన్ని ఇప్పుడు అటక అనే అంటోంది, మిగతా క్లయింట్లకి కూడా చూపిస్తోందట.

వంటింట్లో సింక్ పైన అల్మారాకి అడుగు చెక్క ఉండదు, తీగల అరలు ఉంటాయి, కడిగిన గిన్నెలు అందులో పెట్టి తలుపేస్తే నీళ్ళు సింక్‌లోకి కారి ఆరిపోతాయి, మళ్ళీ తుడిచి సర్దే పని లేదు. ఇదీ ఫిన్లాండ్ పద్ధతే, 1940లలో మైయు గెబ్‌హార్డ్ అనే ఆవిడ ఇళ్ళల్లో ఆడవాళ్ళు గిన్నెలు ఆరబెట్టడానికి ఎంత టైమ్ పోతోందో చూసి దీన్ని రూపొందించి ఊరూరా ప్రచారంలోకి తెచ్చింది. గట్టు మీద గిన్నెల బుట్ట ఉండదు కాబట్టి చిన్న వంటింట్లో రెండడుగుల గట్టు మిగులుతుంది, అది చాలా ఎక్కువ. అరలు మాత్రం పళ్ళేల కొలతకి చేశారు, మన డబరాలు, కుక్కర్ పట్టలేదు, ఒక అర తీయించి ఎత్తు పెంచుకున్నాం.

ఇంక నచ్చనివి. మొదటిది టైమ్, జూన్‌కి ఇస్తామని అక్టోబరు చివర్లో ఇచ్చారు, 2023లో. టికెట్లు రెండుసార్లు మార్చుకున్నాం. ఒక నెల ఆలస్యం పర్మిట్ వల్ల, మిగతాదంతా కిటికీల ఆర్డర్ ఆలస్యంగా పెట్టడం వల్ల, అది వాళ్ళ తప్పే, ఒప్పుకున్నారు.

రెండోది హెచ్ఆర్వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) మెషీన్. ఇంత బిగుతుగా కట్టిన ఇంటికి అది ఊపిరితిత్తి లాంటిది, లోపలి పాత గాలిని బయటికి పంపుతూ దాని వేడితో కొత్త గాలిని వెచ్చచేసి లోపలికి తెస్తుంది, అదే లేకపోతే తేమతో మళ్ళీ బూజే. మెషీన్ మీద ఏ ఫిర్యాదూ లేదు. దాన్ని పెట్టిన చోటు మీదే ఫిర్యాదు, అమ్మానాన్నల తల వైపు గోడకి అవతల. రాత్రంతా గుయ్యిమని సన్నటి శబ్దం. నాన్నకి వినపడదు, అమ్మకి వినపడుతుంది. రబ్బరు పట్టీలతో వేలాడదీశారు, తగ్గింది, పోలేదు. ప్లాన్‌లో మేము కూడా చూసుకోవాల్సింది, కానీ మాకెలా తెలుస్తుంది, వాళ్ళకి తెలియాలి. తేమ ఎంత ఉంచాలనేది కూడా వాళ్ళు చెప్పి వెళ్ళలేదు, మేమే నేర్చుకున్నాం, మామూలు చలికి 30 నుంచి 35 శాతం, మైనస్ 25 దాటితే 25కి దించేస్తాం, లేకపోతే కిటికీ అంచుల్లో నీళ్ళు. అంత పొడి గాలికి అమ్మకి చేతులు పగిలాయి, కొబ్బరినూనె రాసుకుంటోంది రోజూ.

వేడి మాత్రం నిలబడింది, ఇది గట్టిగా చెప్తాను. 2024 జనవరి 13 సాయంత్రం అల్బర్టాలో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి, కరెంటు గ్రిడ్ మీద భారం ఎక్కువైంది, అవసరం లేనివన్నీ ఆపేయండి అని. ఆ రోజుల్లో ఊరి చుట్టుపక్కల మైనస్ 40 కూడా దాటింది. పెరటింటికి గ్యాస్ లేదు, మొత్తం కరెంటే, బయటి గాలిలోంచి వేడిని లాగి లోపలికి తెచ్చే హీట్ పంప్ ఒకటి, అది చేతులెత్తేసే చలికి బేస్‌బోర్డ్ హీటర్లు. నాకు గుండె ఆగినంత పనయింది, అమ్మానాన్నలకి అది మొదటి చలికాలం. హీటర్లన్నీ ఆపేసి మా ఇంటికి తీసుకొచ్చేద్దామని వెళ్తే నాన్న, "ఎందుకమ్మా, ఇక్కడ బానే ఉంది, కాసేపు చూద్దాం" అన్నారు. రెండు గంటలు కూర్చున్నాం అందరం అక్కడే, లైట్లు ఆపేసి, ఒక్క దీపం పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ. థర్మామీటర్ 21 నుంచి 19కి దిగింది, అంతే. పాత అపార్ట్‌మెంట్‌లో హీటర్ నడుస్తుండగానే కిటికీ పక్కన కాళ్ళు జివ్వుమనేవి.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు పొయ్యి దగ్గర. మన తాలింపుకి పవర్‌ఫుల్ చిమ్నీ కావాలని అడిగాం, పెట్టారు. అది అంత గాలిని బయటికి లాగేస్తే, బిగుతు ఇంట్లో ఆ గాలి స్థానంలో గాలి ఎక్కడినుంచో రావాలి కదా, దానికి వేరే గొట్టం పెట్టాలి, అదీ పెట్టారు. కానీ ఆ గొట్టం తెరుచుకునేది సరిగ్గా అమ్మ నిలబడే చోటికి పైన. చిమ్నీ ఆన్ చేయగానే మైనస్ 30 గాలి మెడ మీద పడుతుంది. గొట్టంలో గాలిని వెచ్చచేసే హీటర్ పెట్టాల్సింది, ఖర్చు తగ్గుతుందని వదిలేశారు, మాకు ఆ మాట చెప్పలేదు. మొదటి చలికాలం అమ్మ మఫ్లర్ చుట్టుకుని పులుసు కాచింది, తర్వాత చిమ్నీ వేయడమే మానేసింది, దాంతో ఇల్లంతా తాలింపు వాసన, జాకెట్లకి కూడా. ఇంత ఆలోచించి కట్టిన ఇంట్లో వంట చేసే మనిషి మెడ గురించి ఎవరూ ఆలోచించలేదే అని నాకు ఇప్పటికీ బాధే. మన వంట గురించి వాళ్ళకి తెలియదు, అందుకే మీరెవరైనా కట్టించుకుంటుంటే డిజైనర్‌ని ఒకరోజు ఇంటికి పిలిచి కళ్ళ ముందు మిరపకాయలు వేయించి చూపించండి, మాటల్లో చెప్తే అర్థం కాదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి, మొత్తం 2 లక్షల 40 వేల డాలర్లు దాటింది, అందులో మందం గోడలకీ మంచి కిటికీలకీ అదనంగా అయింది ఇరవై రెండు వేలు. మళ్ళీ కట్టించుకున్నా వాటిలో మాత్రం ఏమీ తగ్గించను, వంటింటి గట్టు రాయి లాంటివే తగ్గించుకుంటా. మా అమ్మ చీరలు ఇప్పుడు మధ్య అల్మారాలో ఉన్నాయి, రెండో చలికాలం అయ్యాక మొన్న అన్నీ తీసి గాలికి ఆరబెట్టాం, ఒక్క మడత కూడా చెమ్మగా లేదు.

ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి తగ్గించింది చిమ్నీ గొట్టానికి. మే నెలలో వచ్చి దాన్ని ఫ్రిజ్ వెనక్కి జరిపి హీటర్ పెడతామన్నారు, సగం ఖర్చు వాళ్ళదే అని రాసిచ్చారు. పని అయ్యాక, మళ్ళీ ఒక చలికాలం అమ్మ అక్కడ నిలబడి వంట చేశాక, ఇక్కడే మిగతాది రాస్తాను.